గెడ్డ గట్టున మొగలిదడి

బరంపురంలో ఉద్యోగం, బరంపురానికి ఇచ్ఛాపురానికి నడుమ సొంత ఊరు. ఇలాంటివాడు యాత్రావ్యాసం వ్రాస్తాననడం కొంచెం నవ్వు పుట్టించే మాటే. కాశీ రామేశ్వరాలు వెళ్ళివచ్చినవారు మన పత్రికలో ఎంతో చక్కగా వ్రాస్తున్నారు. నా ప్రయాణం ఒక గెడ్డ గట్టు వరకే. అక్కడ చూడవలసింది ఒక మొగలిదడి. ఆ దడిని ఒకప్పుడు నా మాటమీదనే నరికించాను. మళ్ళీ నా చేతులతోనే నాటాను. నీటి ఒడ్డున భూమి ఉన్నవారికి పనికివస్తుందేమోనని వ్రాస్తున్నాను.

మొగలి అంటే మన పాఠకులలో తెలియనివారుండరు. అయితే ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరుతో తెలుసు. మద్రాసు వైపు ఉన్నవారు తాళంపూ అంటారు; ఆడపిల్లల జడలలో కుట్టేది అదే. కన్నడదేశంలో కేదగె, మరాఠీవారికి కేవడా, ఇక్కడ ఒడియావారికి కియా. యానాంవారికి, కోనసీమ కాలువగట్లు ఎరిగినవారికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు. సంస్కృతంలో కేతకి. బ్రహ్మదేవుడి కోసం అబద్ధపు సాక్ష్యం చెప్పి శివపూజకు పనికిరాకుండా పోయిందని పురాణం. సాక్ష్యం మాట ఎలా ఉన్నా, మా గంజాం జిల్లాలో ఆ పువ్వే వేలమందికి ఇంత కూడు పెడుతున్నది.

గంజాం అంటే ఇప్పుడు ఒడిశా. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం ఏర్పడినప్పుడు మా జిల్లాలో ఎక్కువ భాగం మద్రాసు రాజధాని నుంచి ఇటు వచ్చింది. మా తాతగారు ఇల్లు కదలలేదు, హద్దు కదిలింది అంతే. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ఆఫీసులో రెండూనూ. మా ఊళ్ళో వాగును గెడ్డ అంటాం. కొండల నుంచి దిగి, పొలాల మధ్యగా నడిచి, తూర్పున సముద్రం దగ్గర ఇసుకలో కలిసిపోయే చిన్న నీటిపాయ. ఎండాకాలం పిల్లలు చెప్పులు చేతబట్టుకుని దాటుతారు. ఆశ్వయుజంలో ఒక్కరాత్రి వానకు ఏనుగునైనా దొర్లిస్తుంది.

మొన్న శ్రావణమాసంలో రెండురోజులు సెలవు పెట్టి మా చిన్నాన్నగారిని చూచి రావడానికి బయలుదేరాను. నేరుగా మా ఊరి బస్సు ఎక్కకుండా, దారి మళ్ళించి ముందు ఒక మొగలి భట్టీకి వెళ్ళాను. మా ఆఫీసులో ఒకాయన బావమరిది అక్కడ లెక్కలు వ్రాస్తాడు. ఛత్రపురం, రంగైలుండ, చికిటి ప్రాంతాలలో ఈ భట్టీలు విస్తారంగా ఉన్నాయి. వానాకాలపు పువ్వే ఎక్కువ, దాని వాసనే మేలు అంటారు. నేను వెళ్ళేసరికి తెల్లవారి ఎంతోసేపు కాలేదు. సైకిళ్ళ మీద, మోటారు సైకిళ్ళ మీద గోనెలతో పువ్వులు వస్తున్నాయి. కాటా లేదు, తూకం లేదు, లెక్కపెట్టి కొంటారు. ఒక ముసలాయన రెండేసి చొప్పున విసురుతూ నోటితో లెక్క చెబుతుంటే, మా ఆఫీసులో కూడిక యంత్రం కూడా అంత వేగంగా పోదనిపించింది.

పెద్ద రాగి డేగ్‌లో సుమారు వెయ్యి పువ్వులు వేసి, నీరుపోసి, మూత చుట్టూ బంకమట్టి మెత్తుతారు. అందులోంచి వెదురు గొట్టం ఒకటి నీటితొట్టిలో కూర్చోబెట్టిన ఇంకొక రాగి పాత్రకు పోతుంది. దాని పేరు భప్కా. కింద కట్టెల మంట. ఆవిరి గొట్టంలోంచి వెళ్ళి చల్లని పాత్రలో చెమటలా దిగుతుంది. భప్కాలో ముందే గంధపు నూనె పోసి ఉంచితే అది అత్తరు. ఏ నూనె ఆసరా లేకుండా పువ్వులోని సారమే తీస్తే అది రూహ్. గంజాం మొగలి రూహ్‌కు ప్రభుత్వంవారి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మిగిలిన నీరు కేవడా జలం. మిఠాయిలోను, బిరియానీలోను చల్లేది అదే. ఇంత సుగంధంలో చాలా భాగం చివరికి పాన్ మసాలాలకు, జర్దాకు పోతుందని ఆ లెక్కలాయన చెప్పినప్పుడు మాత్రం నాకు మనసు చివుక్కుమన్నది. పోనివ్వండి, కొనేవాడిని బట్టి సరుకు.

ఒక మాట అడిగాను. "ఇన్ని పువ్వులు కొంటున్నారు కదా, ఆడ మొగలి నుంచి ఏమైనా వస్తుందా?" ఆయన నవ్వాడు. పువ్వంటే మగచెట్టు పువ్వే. తెల్లని రేకుల వంటి ఆకుల మధ్య పుప్పొడి నిండిన కంకి, దానికే ఆ వాసన. ఆడచెట్టుకు అనాసపండు లాంటి కాయ కాస్తుంది, భట్టీకి దమ్మిడీకి పనికిరాదు. అందుకే చాలామంది రైతులు ఆడమొక్క అని తెలియగానే పెరికి పారేస్తారట. ఈ ఆడచెట్టు సంగతి మా చిన్నాన్నగారి దగ్గర మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మధ్యాహ్నానికి మా ఊరు చేరాను. మా పొలం గెడ్డకు దక్షిణపు గట్టున ఉంది. నాన్నగారికి, చిన్నాన్నగారికి ఉమ్మడి. నాన్నగారు పోయాక నా భాగం కూడా చిన్నాన్నగారే చూస్తున్నారు. నా చిన్నతనంలో ఆ గట్టు పొడవునా 200 అడుగుల మేర మొగలిదడి ఉండేది. ఎవరు నాటారో తెలియదు. ఊడలు దిగి, ఒకదానిలో ఒకటి అల్లుకుని, మనిషి దూరడానికి వీలులేని కోట. పువ్వుల కాలంలో గాలి మళ్ళితే వాసన మా వీధి అరుగు వరకు వచ్చేది. మా పిన్ని ఒక పువ్వు తెచ్చి పెట్టెలో పట్టుచీరల మడతలలో ఉంచేది. మరుసటి సంక్రాంతికి కూడా ఆ చీరల వాసన పోయేది కాదు.

2011లో నాకొక తెలివి పుట్టింది. టేపు పట్టుకుని గట్టు కొలిచాను. దడి వెడల్పు 8 అడుగులు, పొడవు 200. అంటే 1600 చదరపు అడుగులు, మూడున్నర సెంట్ల పైచిలుకు భూమి ఊరికే ముళ్ళ పాలవుతున్నదని లెక్క తేలింది. అందులో సగం ఆడచెట్లు, ముసలిచెట్లు. పువ్వుల మీద వచ్చేది అంతంతమాత్రం. దడి తీసి ఆ వరుసన సరుగుడు వేస్తే నాలుగైదేళ్ళలో కర్రకు డబ్బు వస్తుంది. దానికి తోడు పాముల భయం. మా అమ్మాయి అప్పుడు నాలుగేళ్ళది. సెలవులకు వస్తే గట్టు మీదికే పరుగెత్తేది. మొగలి వాసనకు పాములు వస్తాయని చిన్నప్పటి నుంచి విన్నమాటే.

చిన్నాన్నగారితో చెప్పాను. ఆయన చుట్ట ఆర్పి, "ఏటిరా, అది దడి కాదురా, గట్టు కాలికి కట్టిన కడియం. తీసేస్తే గట్టు నడుస్తాది" అన్నారు.

నేను కాగితం చూపించాను. ఆయనకు చదువు తక్కువ. అన్నగారి కొడుకు, పట్నంలో ఆఫీసులో కూర్చునేవాడు, కాగితం మీద వ్రాసి తెచ్చాడు. ఇంకేమంటారు? "నీ ఇష్టం నాయనా" అన్నారు. నలుగురు కూలీలు ఆరు రోజులు నరికారు. వేళ్ళు తవ్వించడానికి ఇంకొక వారం పట్టింది. గుమాస్తాలకు ఇదొక జబ్బు; కాగితం మీద మొత్తం సరిపోతే లోకం సరిపోయిందనుకుంటాం.

2013 అక్టోబరు 12, దసరా రోజులు. ఆ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లకు మించి వీచింది. మా బరంపురంలో ఆ రాత్రి నిద్రపోయినవారు లేరు. మా సరుగుడు చెట్లు రెండేళ్ళవి, ఏటవాలుగా పడుకున్నాయి. అది గాలి దెబ్బ; దానికి నన్ను తప్పుపట్టనక్కరలేదు. అసలు దెబ్బ ఆ తరువాత తగిలింది. అదే నెల చివరి వారంలో రోజుల తరబడి వానలు పట్టాయి. గెడ్డ పొంగింది. సరుగుడు పడినచోట మట్టి అప్పటికే విచ్చి ఉన్నది. నీరు ఆ పగుళ్ళలోకి నాలుక పెట్టింది. రెండు రాత్రులలో గట్టు నిలువునా కోసుకుపోయింది.

నీరు తీశాక టేపు పట్టుకుని మళ్ళీ కొలిచాను. 11 సెంట్లు లేదు. మూడున్నర సెంట్లు కలుపుకోబోయి 11 పోగొట్టుకున్నాను. పోయిన ముక్క చాలావరకు చిన్నాన్నగారి భాగంలోది. అందులో మూడు కొబ్బరిచెట్లు. అంతకు రెండేళ్ళ ముందు కాలంచేసిన మా పిన్ని కాపురానికి వచ్చిన కొత్తలో నాటినవి. కింది పొలంవారి గట్టు మీద మాత్రం పాత మొగలిదడి అలాగే ఉంది. తలలు విరిగాయి, ఆకులు చీలికలు పీలికలయ్యాయి, ఊడల మధ్య చెత్త నిండా పేరుకుంది, గట్టు కదలలేదు.

చిన్నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ కొబ్బరిచెట్ల చోటు వైపు మాత్రం కొన్నాళ్ళు ఆయన వెళ్ళలేదు.

మరుసటి సంవత్సరం నేనే అడిగాను, "చిన్నాన్నా, మళ్ళీ మొగలి వేద్దామా?" అని. "ఆరుద్ర కార్తెకి రా" అన్నారు.

ఇక నాటడం సంగతి. ఇది చాలామందికి పనికివచ్చే భాగం కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. మొగలికి గింజ నాటవచ్చును గాని, గింజ మొక్క ఆడదో మగదో పూచేవరకు తెలియదు. అందుకని పిలకలు గాని, లావుపాటి కొమ్మలు గాని తెచ్చి నాటుతారు. మగచెట్టు కొమ్మ మగచెట్టే అవుతుంది. మోచేయి లావుకు తగ్గకుండా, వీలైతే ఒకటి రెండు ఊడల మొనలు వచ్చి ఉన్న కొమ్మను కోసి, ఆకులను సగానికి కత్తిరించాలి. లేకపోతే వేరు పట్టకముందే ఆకుల ద్వారా తడి ఆవిరైపోతుంది. మోకాలి లోతు గుంట తీసి, కొంచెం ఏటవాలుగా, తల గట్టు వైపు ఉండేలా పెట్టి, మట్టి గట్టిగా తొక్కాలి. మేము నాలుగడుగులకు ఒకటి చొప్పున రెండు వరుసలు వేశాం. మొదటి వరుస సందులకు ఎదురుగా రెండవ వరుస మొక్క. నీటి అంచున నాటబోయాను. చిన్నాన్నగారు వద్దన్నారు. మొదటి వరదకే కొట్టుకుపోతాయి; గట్టు పైభాగంలో నాటితే ఊడలే కిందికి వెతుక్కుంటూ పోతాయన్నారు. అలాగే జరిగింది.

ఇంకొక ముచ్చట. మొగలి ఒక్కటే గట్టును నిలబెడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. దాని వేళ్ళు, ఊడలు లావు. పెద్ద గడ్డలను పట్టి ఉంచుతాయి గాని సన్నని మన్ను సందుల నుంచి జారుతుంది. ఆ సందులలో వట్టివేరు గంటలు పెట్టాం. పైవరుసలో అక్కడక్కడ వావిలి కొమ్మలు గుచ్చాం. వావిలి ఊరికే చిగురుస్తుంది, మేకలు ముట్టవు. మొగలికైతే ముళ్ళే కాపలా. పశువులు నీటికి దిగడానికి ఒకచోట పదడుగులు ఖాళీ వదిలి రాళ్ళు పరిపించాం. అది మరిచిపోతే పశువులు తమ దారి తామే చేసుకుంటాయి, అక్కడే గట్టు తెగుతుంది. మొదటి రెండు వేసవులు కుండలతో నీళ్ళు పోయవలసి వచ్చింది. ఆదివారాలలో నేను వెళ్ళి పోశాను. భుజం కాయకట్టింది. ఆఫీసులో ఏమిటని అడిగితే ఏదో చెప్పాను.

నాటేరోజు ఒక తగువు వచ్చింది. భట్టీకి పువ్వులమ్మే ఊరివారి దగ్గర మగచెట్ల కొమ్మలే తెచ్చి పెట్టుకున్నాను. చిన్నాన్నగారు కింది పొలం దడి నుంచి ఆడకొమ్మలు 8 మోయించుకు వచ్చారు. పువ్వు రాని చెట్టుకు చోటెందుకని అడిగాను. అప్పుడు మాత్రం ఆయన కొంచెం గట్టిగానే అన్నారు: "ఒరే, పువ్వు నీకు, కాయ ఆటికి. గట్టు మీద నువ్వొక్కడివే ఉన్నావేటి?" ఆటికి అంటే వాటికి, గబ్బిలాలకు, ఉడతలకు, ఎలుకలకు. ఒకసారి కాగితం చూపించి నెగ్గినవాడిని, రెండవసారి నోరు మెదపలేదు. ఆ ఎనిమిదీ నాటాను.

2018 వానాకాలంలో మొదటి పువ్వులు వచ్చాయి, సరిగ్గా నాలుగేళ్ళకు. ఆ అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళాన్ని, మా జిల్లాను కలిపి ఊపింది. మూడవరోజు గాని బస్సులు నడవలేదు. దారిపొడుగునా విరిగిన చెట్లను చూస్తూ, మా గట్టు ఏమైందోనని గుండె అరచేతిలో పెట్టుకుని వెళ్ళాను. రెండు మొక్కలు లేచిపోయాయి. పశువుల దారి దగ్గర బండెడు మట్టి పోయింది. అంతే. అప్పటికి ఊడలు ఇంకా చిటికెన వేలి లావే.

ఈసారి వెళ్ళేసరికి ఆ ఊడలు నా ముంజేయంత అయ్యాయి. సాయంకాలం చిన్నాన్నగారు, నేను గట్టు మీద కూర్చున్నాం. ఆయనకు ఇప్పుడు ఎనభై దాటాయి. చూపు తగ్గింది గాని చెవులు బాగానే పనిచేస్తాయి. ఏది ఎక్కడ ఉన్నదో ఆయనే వినిపించారు. ఊడల చీకటిలో నీటికోడి పిల్లలను వెంటేసుకుని తిరుగుతున్నది. ఈ దడి లేని ఏళ్ళలో నేను దాని కూత మా గట్టున వినలేదు. ఆకుల కొసలకు గిజిగాళ్ళు నాలుగు గూళ్ళు కట్టుకున్నాయి. కింద నీటిలో, వేళ్ళ సందులలో, చేపపిల్లలు గుంపులుగా నిలబడి ఉన్నాయి. ఎండపొడ పడని నీరు వాటికి చల్లన. ముంగిస ఒకటి మమ్మల్ని లెక్కచేయకుండా దాటిపోయింది.

పాముల సంగతి అడుగుతారు. ఉన్నాయి. లేవని చెప్పి మిమ్మల్ని మోసపుచ్చను. అయితే అవి వాసనకు రావు. చల్లని నీడకు, కప్పలకు, ఎలుకలకు వస్తాయి. ఎండు ఆకులు దులిపేటప్పుడు పొడుగు కర్రతో ముందు చప్పుడు చేయడం, కాళ్ళకు బూట్లు వేసుకోవడం, రాత్రి దీపం లేకుండా దగ్గరకు పోకపోవడం, ఇంటికి ఆనించి నాటకపోవడం - ఈ మాత్రం చాలు. ఎండు ఆకులను చెట్టుకే వ్రేలాడనిస్తే వేసవిలో ఒక బీడీముక్కకు దడి అంతా భగ్గుమంటుంది. ఏటా మాఘమాసంలో అవి తీయించాలి. చాపలు అల్లేవారుంటే పచ్చి ఆకులు వారికి ఇవ్వవచ్చును. మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలో చదువుతున్నది. ముళ్ళు గీసిన చేతులతో దడి ఫోటోలు తీసుకుంటుంది. నేను ఎంత చెప్పినా బూట్లు వేసుకోదు.

చీకటిపడ్డాక ఆడచెట్ల వైపు రెక్కల చప్పుడు వినిపించింది. పండిన కాయలు నారింజరంగు తిరిగి ఉన్నాయి. పెద్ద గబ్బిలాలు వచ్చి వ్రేలాడి తింటున్నాయి. తొనలు ఒక్కొక్కటే నీటిలో పడి తూర్పుకు తేలిపోతున్నాయి. మొగలి తొన నీటి మీద తేలి, సముద్రంలో పడి కూడా చెడకుండా దూరపు ఒడ్డున మొలవగలదట. చిన్నాన్నగారు ఆ చప్పుళ్ళు వింటూ, "ఆటి జీతం అందినట్టుందిరా" అన్నారు.

పోయిన 11 సెంట్లు తిరిగిరాలేదు. అక్కడ ఇప్పుడు గెడ్డ ఒక వంపు తిరిగి ఉంది. ఆ వంపు లోపలి అంచున కొద్దికొద్దిగా ఒండ్రు చేరుతున్నది. పోయిన సంవత్సరం అందులో చిన్నాన్నగారు తనంతట తానే ఒక కొబ్బరిమొక్క పెట్టించారు. నాతో చెప్పలేదు, వెళ్ళినప్పుడు చూచాను. దాని చుట్టూ మూడు మొగలి పిలకలు కూడా గుచ్చి ఉన్నాయి. అందులో ఒకటి ఆడదని ఆయనే చెప్పారు.

మరునాడు తెల్లవారుఝామున పువ్వులు కోసేవారితో పాటు నన్నూ లేపారు. పట్నం తీసుకుపోవడానికి ఒక పువ్వు తడిగుడ్డలో చుట్టి ఇచ్చారు. మా ఆఫీసులో ఒకాయనకు ఋషికుల్య వైపు గట్టు కోసుకుపోతున్నదట, ఆయన కోసం గోనెలో ఆరు కొమ్మలు కట్టించారు. నాలుగు మగవి, రెండు ఆడవి. ఆడవాటికి గుర్తుగా గుడ్డపేలిక కట్టారు, ఆయన విడిగా పారేయకుండా ఎందుకో చెప్పమన్నారు. బస్సులో గోనె పైకి ఎక్కించబోతే కండక్టరు చేయి గీసుకుని, ఒడియాలో నాలుగు మాటలు తిట్టి, లగేజీ టిక్కెట్టు కొట్టాడు. తరువాత బస్సు కదిలి గాలి లోపలికి కొట్టేసరికి, ఆ తడిగుడ్డ మూట ఎక్కడిదని అడిగి నా పక్కనే కూర్చున్నాడు.